ఉత్సవమునకు వెళ్లిన ఇంటి కథ

మన దేవాలయములలో మూలవిరాట్టు వేరు, ఉత్సవమూర్తి వేరు. మూలవిరాట్టు గర్భాలయమును విడిచి కదలదు. పర్వదినములందు పల్లకి యెక్కి మాడవీధులలో ఊరేగునది ఉత్సవమూర్తి. వాకిళ్ల ముందు నిలిచి హారతు లందుకొనునది ఆ మూర్తియే. అయితే ఊరేగింపు ముగిసినంతనే ఆ మూర్తి తిరిగి ఆలయమునకే చేరవలెను. గుడికి తిరిగి రాలేని ఊరేగింపును ఉత్సవమని యెవ్వరును అనరు.

కొన్ని మాసములుగా ఈ పోలిక మా మనస్సును విడువకున్నది. అందుకు కారణము ఒక యువకుడు. అతడు హైదరాబాదులో ఒక కంప్యూటరు సంస్థలో ఉద్యోగి. అతని తాతగారు వెనుకటి తరములో పౌరాణిక నాటకములందు వేషములు కట్టిన నటులు. వారి కంఠము మా కేంద్రమున ఎక్కడనైన ధ్వనిముద్రితమై యున్నదేమో చూడుమని అడుగుటకు అతడు మా కడకు వచ్చెను. పాత టేపులు వెదకగా నాలుగు నిమిషముల పద్యపఠనము దొరకినది. అది విని అతడు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట తన సంగతి చెప్పెను.

అతడు నాలుగు సంవత్సరములుగా సెలవు దినములలో స్వగ్రామమునకు పోయి, తన కెమేరాతో, తన జీతపు డబ్బుతో, తన కుటుంబమును గూర్చి 70 నిమిషముల డాక్యుమెంటరీ చిత్రము తీసెను. తాతగారి నాటక సమాజము తఱచుగా విడిది చేయు మరియొక పట్టణమున ఆయనకు రెండవ సంసార ముండెను. అక్కడను పిల్లలు కలిగిరి. ఈ సంగతి ఇంటిలో అందఱకును తెలియును. నోరు విప్పి చెప్పినవారు లేరు. తాతగారు పోయిన చాల యేండ్లకు, మనుమడు కెమేరా యెదుట కూర్చుండబెట్టి అడుగగా, నాయనమ్మ మొదటిసారి ఆ కథ చెప్పినది. మన ఇంటిపేరు లేనివారు మనవారు కారా యను ప్రశ్న ఆ చిత్రమునకు ప్రాణము.

చిత్రము పూర్తికాక ముందే దానిలోని భాగములు కొన్ని చూచిన విదేశీయ నిపుణులు నాయనమ్మ మాటాడిన ఘట్టమును మిక్కిలి మెచ్చుకొనిరట. ఒక విదేశ చలనచిత్రోత్సవము వారు ప్రథమ ప్రదర్శనము తమకే ఈయవలసినదిగా కోరిరి. రెండు వారములలో జవాబు వ్రాయవలెను. అంతయు విని మేము అడిగినది ఒక్కటే.

"ఇంట్లో వాళ్లు చూశారా?"

"ఇంకా లేదండి. బయట పేరొచ్చాక చూపిస్తే వాళ్లూ సంతోషిస్తారు కదా అని..."

అతడు వాక్యమును పూర్తిచేయక విడిచెను. ఆ పూర్తికాని వాక్యమును గూర్చియే నేటి మా ప్రసంగము.

కుటుంబమును తెరమీద చూపుట డాక్యుమెంటరీతో పాటు పుట్టిన విద్య. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' అను చిత్రము, కెనడా దేశమున హడ్సన్ అఖాతపు తీరమున మంచులో బ్రదుకుచున్న ఒక ఇన్యూయిట్ కుటుంబమును లోకమునకు చూపెను. లోకము చూచి మెచ్చినది. కాని నానూక్ అనునది ఆ వేటగాని అసలు పేరు కాదు. అతని పేరు అల్లకరియల్లక్. తెరమీద అతని భార్యగా కనబడు స్త్రీ అతని భార్య కాదు. అప్పటికే తుపాకి వాడుట తెలిసినవారిచేత, ప్రాచీనముగ కనబడుటకై, బల్లెములతో వేటాడించిరి. ఆ చిత్రమునకు గల సౌందర్యమును మేము కాదనము. కాని కుటుంబమును గూర్చిన తొలి ప్రసిద్ధ డాక్యుమెంటరీలోనే ఎవరి పేరేమో, ఎవరికి ఎవరేమగుదురో నిర్ణయించినవాడు చిత్రము తీసినవాడు, కుటుంబము కాదు.

నేడు కెమేరా ఇంటివాని చేతికే వచ్చినది. పరాయివాడు వచ్చి మనకు పేరు పెట్టవలసిన పని లేదు. ఆ కారణముచేత పాత దోషము తొలగినదని తోచును. కాని ఇంటివాడు తన కథను పట్టుకొని బయలుదేరు త్రోవలో మరియొక పరాయి చూపు అతని కొఱకు కాచుకొని యుండును. అది ఉత్సవముల చూపు.

చలనచిత్రోత్సవములు 1932లో వెనిస్ నగరమున మొదలైనవి. కాన్ ఉత్సవము 1946లో, బెర్లిన్ ఉత్సవము 1951లో ప్రారంభమైనవి. మన దేశమున మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము 1952 జనవరిలో బొంబాయిలో ఆరంభమై మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరములకు సాగెను. డాక్యుమెంటరీలకు ప్రాధాన్య మిచ్చు ఉత్సవములు పిమ్మట బలపడినవి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1988లో, జపాను దేశపు యమగత పట్టణమున 1989లో, బొంబాయిలో 1990లో, టొరంటోలో 1993లో అట్టివి ప్రారంభమైనవి. పెద్ద నిర్మాణ సంస్థల అండ లేక, తారలు లేక, పాటలు లేక ఒక మనుష్యుడు ఒంటరిగా తీసిన చిత్రమునకు ఇవియే అంగళ్లు, ఇవియే సభలు. ఇవి లేనిచో అట్టి చిత్రములు పెట్టెలలోనే యుండును. ఈ మేలును మొదట ఒప్పుకొనవలెను.

అయితే ప్రతి సభకును దాని మర్యాదలుండును. పెద్ద ఉత్సవములు సాధారణముగ ప్రథమ ప్రదర్శనము తమకే కావలెనని కోరును. మరియొకచోట బహిరంగముగ ప్రదర్శింపబడిన చిత్రమునకు అక్కడ విలువ తగ్గును. కావున తీసినవారు చిత్రమును మూతవిప్పని పెట్టెవలె కాపాడుకొందురు. దరఖాస్తునకు పెక్కుచోట్ల రుసుము కట్టవలెను. ఒక చిత్రమును పది చోట్లకు పంపునప్పటికి సామాన్యుని జేబు వట్టిపోవును. జవాబునకై మాసములు వేచియుండవలెను. నిర్మాణమునకు ధనము సమకూర్చు వేదికలందైతే, వరుసగా కూర్చున్న ప్రసార సంస్థల వారి యెదుట, కొద్ది నిమిషములలో తన కథను చెప్పి ఒప్పించవలెను. మీ కథలో సంఘర్షణ యేమి, ఈ కథ మాకెందుకు, ఇప్పుడే యెందుకు అని వారడుగుదురు. అవి న్యాయమైన ప్రశ్నలే. కాని నాయనమ్మ కన్నీటిని నాలుగు వాక్యములకు కుదించి పదిమారులు అప్పగించిన మనుమనికి, ఆ కన్నీరు ఒక సరకుగ తోచు దినము కూడ వచ్చును. తెలియకుండనే వచ్చును.

మా యువకునికి ఒక భయముండెను. ఇంటిలో చూపినచో ప్రథమ ప్రదర్శనపు నియమము చెడునేమో యని. ఆ నియమము సాధారణముగ బహిరంగ ప్రదర్శనములకు సంబంధించినది. పడమటింటి సావిడిలో పదిమంది చుట్టములు చూచినంత మాత్రమున ఏ ఉత్సవమును తలుపు మూయదు. అనుమానమున్నచో ఆ ఉత్సవము వారినే అడిగి తెలిసికొనవచ్చును. అడ్డము వచ్చుచున్నది నియమము కాదు. ఇంటివారు ఏమందురో యను జంకు.

రెండవ చిక్కు భాషది. విదేశములకు పోవు తెలుగు చిత్రమునకు అడుగున ఇంగ్లీషు అక్షరములు వేయవలెను. మన బంధుత్వపు మాటలు ఆ కత్తెరలో పడినప్పుడు చూడవలెను. మేనత్త, పెద్దమ్మ, పిన్ని, అత్తగారు కాని మేనమామ భార్య, వీరందఱును 'ఆంట్' అగుదురు. బావయు, మఱదియు, బావమఱదియు ఒక్క మాటలో కలిసిపోవుదురు. 'నువ్వు' అను చనువును 'మీరు' అను మర్యాదయు ఒక్క 'యూ'లో మునిగిపోవును. కోపము వచ్చిన తల్లి కన్నకొడుకును ఉన్నట్లుండి 'మీరు' అని పిలిచినచో తెలుగు ప్రేక్షకుని గుండె ఝల్లుమనును. అడుగున చదువుకొను వానికి ఏమియు తెలియదు. కుటుంబమును గూర్చిన చిత్రములో బంధుత్వమే కథ. ఆ మాటలు పోయినచో కథలో సగము పోయినట్లే. కావున అనువాదము తుది ఘడియలో ఎవరిచేతనో చేయించు కూలిపని కాదు. చిత్రము తీసినంత శ్రద్ధతో చేయవలసిన పని.

ఈ త్రోవలో ముందుగ నడచినవారు ఎట్లు నడచిరో చూతము.

కెనడా నటి, దర్శకురాలు సారా పాలీ 2012లో 'స్టోరీస్ వి టెల్' అను చిత్రమును వెలువరించెను. ఆమెకు 11 యేండ్ల వయస్సున తల్లి డయాన్ కాన్సరు వ్యాధితో మరణించెను. సారాకు తండ్రి పోలిక లేదని తోబుట్టువులు ఇంటిలో హాస్యమాడుచుండెడివారు. పెద్దయైన పిమ్మట ఆ హాస్యమే నిజమని తేలినది. ఆమె జన్మకు కారకుడు మాంట్రియల్ నగరపు చిత్రనిర్మాత హారీ గుల్కిన్. పెంచినవాడు మైకేల్ పాలీ. ఇట్టి సంగతిని చిత్రముగ తీయ దలచినవారు తమ వ్యథనే నడుమ నిలుపుకొనుట సహజము. ఆమె అట్లు చేయలేదు. తండ్రు లిద్దఱను, తోబుట్టువులను, తల్లి స్నేహితులను వేర్వేరుగ కూర్చుండబెట్టి, కథను మొదటినుండి తుదివఱకు ఎవరికి తెలిసినట్లు వారిచేత చెప్పించెను. గుల్కిన్‌కు ఆ పద్ధతి నచ్చలేదు. ఈ కథ తనదియు డయాన్‌దియు గాని, అందఱిదియు కాదని ఆయన పట్టుపట్టెను. ఆ అభ్యంతరమును కూడ ఆమె చిత్రములోనే ఉంచెను. పెంచిన తండ్రి తన జ్ఞాపకములను తానే వ్రాసి, తానే చదివెను. ఆ కంఠమే చిత్రమునకు వెన్నెముక.

ఆ చిత్రము 2012 ఆగష్టు చివర వెనిస్‌లో మొదట ప్రదర్శింపబడెను. అదే సమయమున ఆమె తన పుట్టుక సంగతిని తన మాటలలో వ్రాసి బహిరంగపఱచెను. అంతకు ముందే ఈ సంగతి తెలిసిన విలేకరులు కొందఱు ఆమె కోరికపై మౌనము వహించి యుండిరి. ఉత్సవము దినమున మరియొకరి కలము తన ఇంటి కథను చెప్పకుండుటకు ఆమె చేసికొన్న ఏర్పాటిది. ఊరేగింపునకు ముందు మూర్తికి అలంకారము చేయవలసినది ఇంటి పూజారియే గాని వీధి జనము కాదని ఆమె యెఱుగును.

మొరాకో దేశపు అస్మా ఎల్ మౌదిర్ అనుభవము వేఱు. ఆమె ఇంటిలో పటములు లేవు. ఇంటి పెద్దయైన అవ్వ పటములను నిషేధించినది. ఒక్క రాజుగారి పటము మాత్రము గోడమీద నుండెను. తన బాల్యపు పటమని తల్లి చూపిన ఒకే ఒక్క ఛాయాచిత్రము తనదేనా యను సందేహముతో ఆమె అన్వేషణ మొదలైనది. వెదకగా వెదకగా అది 1981లో కాసాబ్లాంకా నగరమున రొట్టె ధర పెరిగినప్పుడు జరిగిన అల్లరులకును, ఆ కాల్పులలో పోయినవారికిని దారితీసెను. పటములు లేనిచోట చిత్రమెట్లు తీయవచ్చును? రాతిపని తెలిసిన తండ్రి తమ వీధిని, ఇండ్లను చిన్న బొమ్మల కొలువుగా కట్టియిచ్చెను. తల్లి ఆ బొమ్మలకు బట్టలు కుట్టెను. అవ్వ కోపించుట, కఱ్ఱ యెత్తుట, తనను గూర్చి చెప్పినది కాదనుట అన్నియు చిత్రములో నున్నవి. 'ది మదర్ ఆఫ్ ఆల్ లైస్' అను ఆ చిత్రమునకు 2023లో కాన్ ఉత్సవమున ఒక విభాగమందు దర్శకత్వ బహుమానము లభించినది. ఉత్తమ డాక్యుమెంటరీకి ఇచ్చు 'బంగారు కన్ను' బహుమానములో పాలు కూడ లభించినది. కాని మాకు ముఖ్యముగ తోచినది బహుమానము కాదు. తీయబడినవారు తీయుటలో పాలుపంచుకొనిరి. తండ్రి కేవలము కెమేరా యెదుట కూర్చున్నవాడు కాదు. చిత్రమును కట్టినవారిలో నొకడు.

అదే సంవత్సరము ఆమ్‌స్టర్‌డామ్ ఉత్సవమున ఉత్తమ చిత్రముగ ఎన్నికైనది ఆర్మీనియా దేశపు '1489'. దానిని తీసిన షోఘాకత్ వర్దన్యాన్ పియానో వాద్యకారిణి. చిత్రనిర్మాణము చదివినది కాదు. 2020లో 44 దినములు సాగిన కారబాఖ్ యుద్ధమున ఆమె తమ్ముడు కనబడకుండ పోయెను. ఆమె తన చేతి ఫోనుతో తల్లిదండ్రుల నిరీక్షణమును చిత్రించుచు పోయెను. 1489 అనునది గుర్తు తెలియని అవశేషములకు అధికారులు వేసిన సంఖ్య. ఉత్సవమునకై మొదలుపెట్టిన చిత్రము కాదది. ఇంటిలో ముగ్గురు కూర్చుండి ఒకని కొఱకు ఎదురుచూచుచుండగా, ఏమి చేయుటకును తోచక చేసిన పని.

మన దేశపు ఆనంద్ పట్వర్ధన్ గారు కూడ అట్లే వృద్ధులైన తల్లిదండ్రులను కేవలము ఇంటి జ్ఞాపకముగ చిత్రించుకొనిరి. తల్లి నిర్మల మట్టిపాత్రల కళాకారిణి. తండ్రి సోదరులు స్వాతంత్ర్యోద్యమమున పాల్గొన్నవారు. తల్లిదండ్రులు గతించిన పిమ్మట, ఎన్నియో యేండ్లకు, ఆ జ్ఞాపకములను కూర్చి 'వసుధైవ కుటుంబకమ్' అను చిత్రమును తయారుచేసిరి. అది 2023లో టొరంటో ఉత్సవమున ప్రదర్శింపబడెను. ఆ చిత్రమును తొందరపెట్టిన తేది లేదు.

ఈ నాలుగు చిత్రములును నాలుగు దారులు. అయినను నాలుగింటిలోను ఒక పోలిక కనబడుచున్నది. ఏ చిత్రమును ఉత్సవపు పంచాంగమును చూచి ముహూర్తము పెట్టుకొనలేదు. ఇంటి గడియారము ప్రకారమే నడచినవి.

ఇంత చెప్పుటకు మాకు గల అధికారమేమి యని శ్రోత లడుగవచ్చును. మా చేతులలో కెమేరా లేదు గాని మైక్రోఫోను ఉన్నది. మేము ఉద్యోగమున చేరిన తొలి దినములలో ఒక పల్లెకు పోయి పంట నష్టమును గూర్చి రైతులను మాటాడించితిమి. ఒక రైతు భార్య పంట సంగతి చెప్పుచు చెప్పుచు, అత్తవారింటినుండి తిరిగివచ్చిన కూతురి సంగతి కూడ రెండు మాటలు చెప్పి కన్నీరు పెట్టుకొన్నది. ఆ కార్యక్రమమున అంతకు మించిన భాగము లేదని మాకు తోచెను. మాటాడినది ఆమెయే, మైక్రోఫోను ఆమెకు కనబడుచునే యున్నది, ఇంక అనుమతి యేమి కావలెనని ప్రసారము చేసితిమి. పది దినములకు ఆమె భర్త కార్డు వ్రాసెను. కూతురిని తీసికొనిపోవుటకు ఒప్పుకొన్న అల్లుడు, ఊరివారందఱును రేడియోలో విన్నారని అవమానపడి రానన్నాడట. ఆ కార్డులో ఒక్క నిష్ఠూరపు మాటయు లేదు. అందుచేతనే మేము దానిని మఱవలేదు. ఆమె మాకు చెప్పుటకు ఒప్పుకొన్నది. ఊరికి చెప్పుటకు ఒప్పుకొనలేదు. అంతకంటె ముఖ్యముగ, ఆ కథ ఆమెది మాత్రమే కాదు, కూతురిది. కూతురిని మేము అడుగనేలేదు.

మా యువకునికి ఈ సంగతి చెప్పితిమి. సలహా యేమియు ఈయలేదు. ఒక నెల గడచిన పిమ్మట అతడు మరల వచ్చెను.

ఆ ఆదివారమే ఊరికి పోయి, సావిడిలోని టెలివిజనులో చిత్రమును వేసి ఇంటివారికి చూపెనట. తండ్రి సగములో లేచి వీధి అరుగుమీదికి పోయి కూర్చుండెను. తుదిలో లోపలికి వచ్చి, "నా గొంతు మా నాన్న గొంతులాగే ఉందే" అని మాత్రము అనెను. నాయనమ్మ మొదట తన చీర వెలిసిపోయి కనబడుచున్నదని నొచ్చుకొన్నది. తన రహస్యము బయటపడినందుకు ఆమె కించపడునని మనుమడు బెదరుచుండెను. ఆమె దానిని గూర్చి ఒక్క మాటయు అనలేదు. కొంతసేపటికి ఇట్లు అడిగినది:

"నన్నడిగావు, చెప్పాను. మీ నాన్ననడిగావు, చెప్పాడు. మరి ఆవిడ పిల్లల్నడిగావురా? ఆవిడ పేరు నా నోట చెప్పించావే, ఆ పేరు మోసేవాళ్లు వాళ్లు కదా నాయనా!"

వారెక్కడ ఉన్నారో తనకు తెలియదని మనుమడు చెప్పెను. నాయనమ్మ లేచి తన ట్రంకు పెట్టె తెరచి అడుగునుండి ఒక శుభలేఖను తీసియిచ్చినది. ఆ ఇంటి పెద్దకూతురి వివాహపు శుభలేఖ అది. ముప్పది యేండ్ల క్రిందట ఈ ఇంటికి వచ్చినది. నాయనమ్మ ఎవరికిని చూపక దాచియుంచినది. మూలలకు పూసిన పసుపు అట్లే యున్నదట. నాలుగు సంవత్సరములు కెమేరా పట్టుకొని ఆ ఇంటిలో తిరిగినవానికి ఆ శుభలేఖ కనబడలేదు. చిత్రము చూపించిన పిమ్మటగాని అది పెట్టెనుండి బయటికి రాలేదు.

అతడు ఉత్సవము వారికి చిత్రము ఇంకను సిద్ధము కాలేదని వ్రాసెను. మరుసటి యేట దరఖాస్తు పంపుకొనవచ్చునని వారు మర్యాదగా బదులు వ్రాసిరి. ఆ అవకాశము మరల వచ్చునో రాదో చెప్పగలవారు లేరు. ఈ నష్టమును మేము చిన్నదిగ చేసి చెప్పుట లేదు. నాలుగు సంవత్సరముల కష్టమునకు ఎదురుగ వచ్చిన ద్వారమది.

పిమ్మట అతడు ఆ పట్టణమునకు పోయెను. శుభలేఖలోని చిరునామాలో వారు లేకపోయినను, ఇరుగుపొరుగువారు చెప్పగా ఇల్లు దొరకినది. తలుపు తీసిన ఆమె అతని ముఖము చూచి, అడుగకయే లోపలికి రమ్మన్నదట. ఆమె అతని తండ్రికి తోబుట్టువు. అయినను ఆమెను ఏమని పిలువవలెనో అతనికి తోచలేదు. మాటమాటకు 'అండీ' యని సరిపెట్టుకొనెను. ఆమె కాఫీ యిచ్చి చిత్రమంతయు చూచినది. తన్ను కెమేరాలో తీయవద్దని ముందే చెప్పినది. తల్లి పేరు తీసివేయవలసిన పనిలేదని చెప్పినది. కాని ఒకచోట ఆపుమని అడుగున నున్న ఇంగ్లీషు అక్షరములను వ్రేలితో చూపినది. ఆమె ఉపాధ్యాయినిగ పనిచేసినది; ఇంగ్లీషు చదువగలదు.

"మీ నాయనమ్మగారు మా అమ్మని 'ఆవిడ' అంటున్నారు. ఇక్కడ మాత్రం 'ది అదర్ వుమన్' అని రాసుంది. ఆవిడ అనని మాట మీరెందుకు రాశారు?"

అతనివద్ద జవాబు లేదు. ఆ అనువాదము ఇంగ్లీషులో సహజముగ నుండునని ఎవరో చెప్పగా ఒప్పుకొన్నది. యాబది యేండ్ల వ్యథలోను నాయనమ్మ విడువని మర్యాదను ఆ మూడు మాటలు చెఱిపివేసినవి. నానూక్ పేరు మార్చినవాడు దూరదేశమునుండి వచ్చిన పరాయివాడు. ఇక్కడ అదే పని ఇంటి బిడ్డ చేతులమీదుగ జరిగినది.

సెలవు తీసికొని గడప దాటునప్పుడు అతని నోట "వస్తానత్తయ్యా" అను మాట వచ్చినదట. ఆ మాట చిత్రములో లేదు. దానిని తీయుటకు అక్కడ కెమేరా లేదు. ఉన్నను, అది తెరమీద అడుగున ఏ అక్షరములతో వ్రాయవలెనో మాకును తెలియదు.

చిత్రము ఇంకను ఏ ఉత్సవమునకును పోలేదు. అతడు దానిని మరల కూర్చుచున్నాడు. శుభలేఖను చూపుటకు నాయనమ్మ ఒప్పుకొన్నది. మేనత్త ఆలోచించి చెప్పుదునన్నది. ఉత్సవములకు పంపవలెనను కోరిక అతనికి తగ్గలేదు, తగ్గవలసిన పనియు లేదు. లోకము మన ఇండ్ల కథలు వినవలసినదే. పల్లకి సిద్ధమగుచున్నది, దాని వెంట రెండిండ్ల వారును నడచుటకు కొంత ఆలస్యమగుచున్నది, అంతే.

మా కేంద్రమునకు సంబంధించినంత వఱకు మిగిలిన పని చిన్నది. తాతగారి పద్యముల టేపునకు మొదట అతడు ఒక ప్రతి అడిగియుండెను. ఈ పర్యాయము రెండు ప్రతులకు దరఖాస్తు పెట్టెను. రెండవ దానిమీద మేనత్త గారి పేరు వ్రాసి పంపితిమి.